ఎన్నేళ్ల వీసా కొనాలి?

గుంటూరులో మిర్చి పొడి, పసుపు ఎగుమతి చేసే నాలాంటి చిన్న వ్యాపారికి అక్టోబరులో యూరప్ ప్రయాణం ఇంచుమించు తప్పనిసరి. బేసి సంవత్సరాల్లో జర్మనీలోని కొలోన్‌లో అనూగా, సరి సంవత్సరాల్లో పారిస్ శివారులో సియాల్. ఆహార సరుకుల వాళ్లకి ఇవి రెండూ పెద్ద సంతలు. ఇవి కాక మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది, మా ఆవిడ మేనల్లుడు డల్లాస్‌లో. దాంతో ఇంటి లెక్కల పుస్తకంలో వీసాలకంటూ ఓ పద్దు వచ్చి కూర్చుంది.

మిర్చి యార్డులో స్నేహితులు నన్ను అడిగేది ఒకటే: బిజినెస్ వీసా తీసుకోవాలా, టూరిస్టు వీసా తీసుకోవాలా? ఏజెంట్లు ఈ ప్రశ్న చుట్టూ చాలా మాటలు చెప్పి, ఫీజులు కూడా తీసుకుంటారు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే మూడు చోట్ల డబ్బు లెక్కన చూస్తే ఆ తేడాయే లేదు. బ్రిటన్‌కి స్టాండర్డ్ విజిటర్ వీసా ఒక్కటే. కూతుర్ని చూడ్డానికైనా, కొనుగోలుదారుతో మాట్లాడ్డానికైనా అదే. యూరప్‌లో షెంజెన్ ఒప్పందంలోని 29 దేశాలకీ కలిపి సి-రకం షార్ట్ స్టే వీసా. ఫారంలో ప్రయాణ కారణం దగ్గర పెట్టే టిక్కు, దానికి జతచేసే కాగితాలు మారతాయి, ఫీజు మారదు. అమెరికాలో బీ1 వ్యాపారానికి, బీ2 విహారానికి అని నిబంధనల్లో వేరైనా, మనకి సాధారణంగా రెండూ కలిపి బీ1/బీ2 అనే వేస్తారు. కాబట్టి డబ్బు పోయేదీ మిగిలేదీ గడువు దగ్గర. అది మూడు చోట్లా మూడు రకాలు.

బ్రిటన్ గడువుని అమ్ముతుంది. 2025 ఏప్రిల్‌లో పెట్టిన రేట్ల ప్రకారం ఆరు నెలల వీసా 127 పౌన్లు, రెండేళ్లది 475, అయిదేళ్లది 848, పదేళ్లది 1,059. ఏది తీసుకున్నా ఒక్కోసారి ఆరు నెలలకి మించి ఉండకూడదు. అంటే మనం కొనేది ఎక్కువకాలం ఉండే హక్కు కాదు, మళ్లీ మళ్లీ దరఖాస్తు పెట్టుకునే తలనొప్పి నుంచి విముక్తి. ఆ విముక్తి ధర ఎంతో కాగితం మీద వేసి చూశాను. రెండేళ్లలో ఉన్నవే నాలుగు ఆరునెలలు. నాలుగింటికీ విడివిడిగా కడితే 508 పౌన్లు, రెండేళ్లది ఒకేసారి కొంటే 475. మిగిలేది 33 పౌన్లు, అదీ ప్రతి ఆరునెలలకీ తప్పకుండా వెళ్తేనే. ఏడాదికోసారి వెళ్లే వాళ్లకి రెండేళ్ల వీసా శుద్ధ దండగ. అయిదేళ్లది గిట్టుబాటు కావాలంటే ఆ అయిదేళ్లలో ఏడుసార్లు దరఖాస్తు పెట్టాల్సిన అవసరం ఉండాలి. పదేళ్లదానికి మాత్రం తొమ్మిది చాలు. ఏడాదికోసారి వెళ్లే తల్లిదండ్రులకి గంపగుత్తగా కలిసొచ్చే బేరం అదొక్కటే.

అయినా మేము మొదట్లో పదేళ్లదాని జోలికి పోలేదు. పౌను 115 రూపాయలనుకుంటే అది మనిషికి లక్షా ఇరవై వేల పైమాట. పిల్లలు ఒకే దేశంలో పదేళ్లు ఉంటారని ఎవరు రాసిస్తారు? ఈ రోజు మాంచెస్టర్, రేపు టొరంటో. పైగా పదేళ్లకి డబ్బు కట్టినా, అధికారికి సబబనిపించకపోతే తక్కువ గడువు ఇచ్చి ఊరుకుంటాడు, తేడా సొమ్ము తిరిగిరాదు. అమ్మాయి అక్కడ ఇల్లు కొనుక్కుని, మనవడు బడిలో చేరాక మా ఆవిడకి పదేళ్లకి పెట్టాం. ఆవిడ ఏటా వెళ్తుంది, ఎందుకెళ్తుందో చూపించడానికి కారణమూ ఉంది. నేను ఆరు నెలలదే తీసుకుంటాను. మిర్చి సీజన్ వదిలేసి నేను అక్కడ కూర్చునేది ఎన్నడు?

యూరప్ కథ వేరు. అక్కడ గడువుకి విడిగా రేటు లేదు. పదిహేను రోజులకిచ్చినా అయిదేళ్లకిచ్చినా ఫీజు 90 యూరోలే. 2024 జూన్‌లో 80 నుంచి పెరిగింది. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45, ఆరేళ్లలోపు వాళ్లకి లేదు. గడువుని పాత ప్రయాణాలతో సంపాదించుకోవాలి. భారతదేశంలో నివసించే భారతీయుల కోసం 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ కొత్త పద్ధతి తెచ్చింది. గత మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని, సవ్యంగా వాడుకుని ఉంటే, తర్వాతిది మామూలుగా రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ. దాని తర్వాత అయిదేళ్లది. 2023 అనూగా, 2024 సియాల్ నాకు ఆ అర్హత తెచ్చిపెట్టాయి. 2025లో కవరింగ్ లెటర్లో ఆ మాటే రాసి, పాత వీసాల కాపీలు జతచేసి, రెండేళ్లకి అడిగాను, ఇచ్చారు. మా ఆవిడకి అంతకుముందు ఒక్కటే ఉంది కాబట్టి ప్రయాణం మేరకే వేశారు. ఇద్దరం కట్టింది మాత్రం తలా 90 యూరోలే. ఇక్కడ అడగనివాడు నష్టపోతాడు.

అడిగే ముందు పాస్‌పోర్టు వెనక్కి తిప్పి చూసుకోవాలి. పాస్‌పోర్టు ఎప్పటివరకు ఉందో అంతకు మించి షెంజెన్ వీసా ఇవ్వరు. నాదాంట్లో మిగిలిన కాలం తక్కువ, పేజీలు కూడా నిండుకొచ్చాయి. ముందు పాస్‌పోర్టు రీ-ఇష్యూ చేయించాను. 36 పేజీలది 1,500 రూపాయలు, 60 పేజీలది 2,000. అయిదొందలు ఎక్కువైనా అరవై పేజీలదే తీసుకున్నాను.

రెండేళ్ల వీసా చేతికొస్తే యూరప్‌లో రెండేళ్లు ఉండొచ్చని మా బావమరిది ఇప్పటికీ నమ్ముతాడు. నిజానికి ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. 2025 అక్టోబరు 12న సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటోతో నమోదుచేసే కొత్త వ్యవస్థ మొదలైంది. ఇక అధికారి స్టాంపులు లెక్కపెట్టేటప్పుడు ఒకటి చూడకుండా వదిలేస్తాడన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అనూగా అయిదు రోజులు. అది కాగానే పారిస్, స్విట్జర్లాండ్ చూపించమని మా ఆవిడ కోరిక. అప్పుడు ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలి? రూలు ప్రకారం ప్రయాణానికి ముఖ్య గమ్యం ఏదో ఆ దేశానికి: ఎక్కువ రోజులు ఉండేదైనా, అసలు పని ఉన్నదైనా. అన్నీ సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మాకు తెలిసిన ఏజెంటు ఒకాయన జర్మనీకి స్లాట్లు లేవని, ఇంకో దేశానికి వేసేద్దామని, వీసా వచ్చాక ఎక్కడికెళ్లినా ఎవరూ అడగరని చెప్పాడు. ఆ దేశంలో మాకు ఒక్క రాత్రి బస కూడా లేదు. ఒప్పుకోలేదు. సవ్యంగా వాడిన వీసాలే రేపటి అయిదేళ్ల వీసాకి పెట్టుబడి అయినప్పుడు, స్లాటు కోసం దాన్ని పాడుచేసుకోవడం తెలివితక్కువ బేరం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేము వేసవి నుంచే స్లాట్లు చూడ్డం మొదలుపెట్టాం.

అమెరికాలో డబ్బు కంటే కాలం ఖరీదు. 2023 జూన్ నుంచి ఫీజు 185 డాలర్లు, అంతకుముందు 160. వచ్చేది మామూలుగా పదేళ్ల వీసా. ఏడాదికి పద్దెనిమిదిన్నర డాలర్లు పడుతుంది. ఇంత చవక వీసా ఇంకోటి నాకు తెలీదు. ఇంటర్వ్యూ తేదీ దొరకడమే కష్టం, దొరికాక హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో కిటికీ ముందు నిలబడేది కొద్ది నిమిషాలు. అమెరికా వలస చట్టం సెక్షన్ 214(బి) కింద కాదన్నారంటే ఫీజు పోయినట్టే. అందుకని రాబడి నిలకడగా కనిపించే మంచి సంవత్సరాలు చూసుకుని పెట్టాం. ఇంకో లాభం, అమెరికా వీసాలో కనీసం ఆరు నెలల గడువుంటే భారతీయులకి దుబాయ్‌లో దిగాకే 14 రోజుల వీసా ఇస్తారు. గల్ఫ్‌ఫుడ్ ప్రదర్శనకి వెళ్లే నాకు అది ఏటా పనికొస్తోంది. అమెరికాలో ఎన్నాళ్లుండొచ్చన్నది వీసా మీద ఉండదు, దిగిన చోట అధికారి ఇచ్చే ఐ-94లో ఉంటుంది. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు.

ఇక్కడ మన వ్యాపారుల అలవాటు ఒకటి చెప్పాలి. పన్ను తగ్గించుకోడానికి ఆదాయం తక్కువ చూపిస్తాం. అదే మనిషి మూడేళ్ల రిటర్నులు పట్టుకుని వీసాకి వెళ్తే, ఏడాదికి నాలుగు లక్షలు సంపాదించేవాడు మూడు లక్షలు పెట్టి ఎందుకు తిరుగుతున్నాడని అధికారికి అనుమానం వస్తుంది. తప్పు అధికారిదా? అప్పుడు చేబదులు తెచ్చి ఖాతాలో వేసి ‘బ్యాలెన్స్ చూపించే’ కార్యక్రమం మొదలవుతుంది. స్టేట్‌మెంట్లో నిన్న పడిన అయిదు లక్షలు ఎవరికైనా కనిపిస్తాయి, వాటికి వడ్డీ మనమే కట్టాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటిని విరగ్గొట్టి సేవింగ్స్‌లోకి మార్చనక్కర్లేదు, బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే సరిపోతుంది. నేను రిటర్నుల్లో ఉన్నదున్నట్టు చూపడం మొదలుపెట్టినప్పుడు పన్ను పెరిగిన మాట నిజం. ఇంటి రుణం దగ్గరా, వీసా దగ్గరా అది తిరిగొచ్చింది.

ప్రయాణ కారణం ఆదాయపు పన్ను దగ్గర కూడా లెక్కకొస్తుంది. అనూగాకి నేను వెళ్లిన విమానం, హోటలు, వీసా, సంత టికెట్టు వ్యాపార ఖర్చు. మా ఆవిడ టికెట్టు, తర్వాతి స్విట్జర్లాండ్ ఇంటి ఖర్చు. రెండు కార్డులతో, రెండు బిల్లులుగా కడతాం. వీసా ఫారంలో విహారమని రాసి, పుస్తకాల్లో వ్యాపారమని రాసుకునేవాళ్లు ఉన్నారు. పన్ను అధికారి వీసా కాపీ అడిగిన రోజు వాళ్ల ఆడిటర్‌కి పని పెరుగుతుంది.

వీసా ఒకటే అయినా చేయకూడని పనులు ఉన్నాయి. కొనుగోలుదారుని కలవడం, బేరమాడడం, ఒప్పందం మీద సంతకం, సమావేశానికి హాజరు కావడం బీ1లో చెల్లుతాయి. అక్కడి సంస్థకి పనిచేసి జీతం తీసుకోవడం చెల్లదు. బీ1 వీసాల దుర్వినియోగం ఆరోపణల మీద 2013లో ఇన్ఫోసిస్ అమెరికా ప్రభుత్వంతో 3.4 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది, తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. అంత పెద్ద సంస్థల మాట అటుంచి, సూట్‌కేసుల్లో మంగళగిరి చీరలు, ఆవకాయ తీసుకెళ్లి కూతురింటి గరాజ్‌లో అమ్మి వచ్చే అత్తయ్యలు మనకి తెలుసు. టికెట్టు ఖర్చు వచ్చేసిందని సంబరపడతారు. విజిటర్ వీసా మీద అది కుదరదు. బ్రిటన్ నిబంధనల్లో అయితే సంతలో సరుకు గురించి ప్రచారం చేసుకోవచ్చు, నేరుగా అమ్మకూడదని స్పష్టంగానే ఉంది. నేను సంతల్లో పంచే నమూనా పొట్లాలు అందుకే ఉచితం.

నిజంగానే రెండు రకాలున్న దేశం చైనా: వ్యాపారానికి ఎం, విహారానికి ఎల్. గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్‌కి వెళ్లేవాళ్లు అక్కడి నుంచి ఆహ్వానపత్రం తెప్పించుకుని ఎం తీసుకోవడమే మేలు.

ఇక టికెట్లు. షెంజెన్‌కి రిజర్వేషన్ చూపిస్తే చాలు. వీసా రాకముందే తిరిగి డబ్బు రాని టికెట్టు కొనక్కర్లేదు. మా వీధిలో ఒక కుటుంబం ఆఫర్ ఉందని నలుగురికీ అలాంటివి కొన్నారు, వీసా ముగ్గురికే వచ్చింది. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునేవి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ మాత్రం తప్పదు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే పాలసీ ఉండాలి. అమెరికాకి అలాంటి షరతు లేదు కానీ, అరవై దాటిన వాళ్లని పాలసీ లేకుండా పంపడం నేను ఒప్పుకోను.

ఫీజులు తరచూ మారతాయి. నేను చెప్పిన అంకెలు పట్టుకుని కాకుండా, ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆ రోజు రేటు చూసి, రాబోయే రెండేళ్లలో ఎన్నిసార్లు వెళ్తారో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, అప్పుడే ఏజెంటుకి ఫోన్ చేయండి.