నాచారం, ఉప్పల్, ఒక నెత్తురు బొట్టు

హైదరాబాదు నగరానికి తూర్పుదిక్కున నాచారం, ఉప్పల్ అనే రెండు ఊళ్ళున్నాయి. ఊళ్ళంటే పేరుకే, నగరం పెరిగి ఏనాడో వాటిని తనలో కలుపుకున్నది. నాచారంలో ఎటు చూసినా కార్ఖానాలు. ఉప్పల్ అనగానే పిల్లలకు క్రికెట్ మైదానం గుర్తుకు వస్తుంది. కాని ఇక్కడ చూడదగిన వింత మరొకటి ఉన్నది.

డి.ఎన్.ఎ. వేలిముద్రల, వ్యాధి నిర్ధారణ కేంద్రం ఒకప్పుడు నాచారంలో ఉండేది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్నది. పుట్టుకతో వచ్చే జబ్బుల గుట్టు తేల్చటానికి చిన్న గొట్టాలలో నెత్తురు ఇక్కడికి వస్తుంది.

ఒంట్లోంచి బయటికి వచ్చిన నెత్తురు కొద్ది నిమిషాలలో గడ్డకడుతుంది గదా, మరి ప్రయాణం ఎలా చేస్తుంది? గడ్డకట్టటానికి కాల్షియం కావాలి. దాన్ని పట్టి బంధించే మందు గొట్టంలో ముందే ఉంటుంది. ఉపాయం పాతదే. 1914లో బెల్జియం వైద్యుడు ఆల్బర్ట్ హస్టిన్ సోడియం సిట్రేటు కలిపిన రక్తాన్ని రోగికి ఎక్కించాడు. అంతకుముందు దాత, రోగి పక్కపక్కన పడుకోవలసిందే! 1916లో రౌస్, టర్నర్ అనేవారు సిట్రేటుకు గ్లూకోజు చేర్చారు. రక్తకణాలకూ ఆకలి వేస్తుంది మరి. ఆ మరుసటి ఏడే రాబర్ట్‌సన్ అనే సైనిక వైద్యుడు అలా నిలవచేసిన రక్తాన్ని యుద్ధంలో గాయపడినవారికి ఎక్కించాడు.

రక్తకణాలను తీసివేస్తే మిగిలే పసుపుపచ్చని ద్రవం ప్లాస్మా. 1940లో అమెరికాలో సేకరించిన ప్లాస్మాను ఇంగ్లండుకు పంపే పనిని చార్లెస్ డ్రూ నడిపించాడు. ఈనాడు ఎర్రకణాలను చల్లగా ఉంచితే 42 రోజులు నిలుస్తాయి. ప్లాస్మాను సున్నాకు 30 డిగ్రీల దిగువన గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది.

ఉప్పల్‌లో డి.ఎన్.ఎ. చదివేవారికి కావలసింది ఈ రెండూ కాదు. మన ఎర్రకణాలలో కేంద్రకం లేదు, డి.ఎన్.ఎ. తెల్లకణాలలో దొరుకుతుంది. ఆస్పత్రిలో ఎక్కించే రక్తంలో కణాలు బతికి ఉండాలి. పరీక్షకు వచ్చే రక్తంలో రాత చెరగకుంటే చాలు. కాగితం మీద ఎండిన బొట్టును కూడా చదవవచ్చు.

తలసీమియా అనే జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లవాడికి రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. తల్లీ తండ్రీ చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ లోపం దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ సంగతి పెళ్ళికి ముందే తెలుసుకోవచ్చు. అందుకు ఒక్కొక్కరి నుంచి చెంచాడు నెత్తురు సరిపోతుంది.