పాత నొప్పా, కొత్త నొప్పా?

మార్చిన భాగం సరిగా పనిచేయడం లేదని ఎవరైనా వచ్చి చెబితే ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది మార్చక ముందు ఉన్న బాధేనా, మార్చాక మొదలైనదా? వికారాబాద్, తాండూరు వైపు ప్రాక్టీసు చేసే వైద్యులకు ఈ ప్రశ్నతో తరచూ పని పడుతుంది. హైదరాబాద్‌లో మోకీలు మార్పించుకుని ఇంటికి చేరినవారు, ఎవరో దానమిచ్చిన కిడ్నీతో బతుకుతూ ఇక్కడే మందులు వాడుకునేవారు, ఏ చిన్న తేడా వచ్చినా "పెట్టింది పనిచేస్తలేదు డాక్టర్ సాబ్" అంటూనే మొదలుపెడతారు. ఈ ఊళ్ల మెకానిక్ షెడ్లలోనూ వినపడేది ఇదే మాట. పాత అంబాసిడర్‌కో ప్రీమియర్ పద్మినికో సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ ఎక్కించాక శబ్దం వచ్చినా, గేర్ పడకపోయినా నింద మొత్తం ఆ బాక్స్ మీదికే పోతుంది. ఆ నింద చాలాసార్లు తొందరపాటని, నిజం తేల్చే పద్ధతి ఆసుపత్రిలోనూ షెడ్డులోనూ ఒకటేనని నా వాదన.

సెకండ్‌హ్యాండ్ బాక్స్ జోలికి సరదాకు ఎవరూ పోరు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ఇక తుక్కుకు వెళ్లిన బండి నుంచి ఊడదీసినదే దిక్కు. అవయవదానంలో దాత వయసు, రక్తవర్గం, కిడ్నీ పనితీరు, అంటువ్యాధుల పరీక్షల ఫలితాలు అన్నీ కాగితం మీద ఉంటాయి. తుక్కు దుకాణం నుంచి వచ్చే బాక్స్‌తో ఆ కాగితం రాదు. ఎన్నేళ్లు మూలన పడి ఉందో, లోపలికి నీళ్లు దిగాయో, అసలు ఏ మోడల్ బండిదో చెప్పేవారుండరు. అంబాసిడర్ అనే పేరు ఒకటే అయినా బాక్సులు ఒకటి కావు. పాత ఇంజిన్‌తో వచ్చింది 4 గేర్లది, ఇసుజు ఇంజిన్‌తో వచ్చింది 5 గేర్లది. అందుకే ఎక్కించే ముందే మూత తీసి పళ్లు చూడాలి. ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి, ఊపి చూడాలి. పాత బాక్స్‌ను పక్కన పెట్టి స్ప్లైన్ల లెక్క, షాఫ్ట్ పొడవు సరిపోల్చుకోవాలి. వచ్చిన నూనెను ఒంపి వెలుతురులో చూడాలి. సన్నటి పసుపు మెరుపు ఉంటే సింక్రో రింగులు అరిగిన గుర్తు, దాంతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. అయస్కాంతానికి ఇనుప పెచ్చులు అంటుకుంటే ఆ బాక్స్‌ను అక్కడే వదిలేయాలి. ఈ పరీక్షకు అరపూట చాలు.

పాత బాధే మిగిలిపోయిన సందర్భాల్లో కథ సూటిగా ఉంటుంది. బాక్స్ మార్చినా అదే శబ్దం అదే వేగంలో వస్తోందంటే, కొత్త బాక్స్‌లోనూ సరిగ్గా ఆ లోపమే ఉందనుకోవడం కంటే మొదటి నిర్ధారణే తప్పనుకోవడం సమంజసం. ట్రాఫిక్ లేని చదునైన దారిలో కాస్త వేగం అందుకుని న్యూట్రల్ చేయాలి (అనంతగిరి ఘాట్‌లో మాత్రం ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు). ఇంజిన్ నెమ్మదించినా గోల తగ్గక బండి వేగంతోనే హెచ్చుతగ్గులవుతుంటే అది క్రౌన్ పినియన్‌దో చక్రాల బేరింగులదో అయ్యే అవకాశం ఎక్కువ. దానికోసం గేర్‌బాక్స్ మార్చడం, తుంటి కీలు అరిగినవారికి మోకీలు మార్చడం లాంటిదే. తుంటికీ మోకీలుకూ నరాల శాఖలు కొన్ని ఉమ్మడి. అందుకే తుంటి కీలు దెబ్బతిన్నా కొందరికి నొప్పి మోకాట్లోనే తెలుస్తుంది. నాపరాయి పాలిషింగ్ పనిలోనో కంది చేలలోనో ఏళ్ల తరబడి వంగి బరువులెత్తినవారికి నడుము, తుంటి, మోకీలు మూడూ అరిగి ఉండొచ్చు. వాటిలో నొప్పి పుట్టే చోటు ఏదో తేల్చకుండా ఎక్స్‌రేలో ఎక్కువ అరిగినట్టు కనపడిన కీలును మార్చేస్తే నొప్పి అలాగే ఉంటుంది. మోకీలు మార్పించుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి నొప్పి పూర్తిగా పోదని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అందరికీ కారణం ఇదే కాదు గానీ, ఆపరేషన్‌కు ముందు తుంటిని తిప్పి చూడని పరీక్ష పరీక్షే కాదని నేను గట్టిగా నమ్ముతాను.

మార్చాక కొత్తగా మొదలైన బాధ సంగతి వేరు. బాక్స్ ఎక్కించే పనిలో చేయి పడిన ప్రతి చోటూ ఇక్కడ అనుమానితమే. క్లచ్ లింకేజీ విప్పి బిగిస్తారు, మౌంటింగులు కదులుతాయి, స్టీరింగ్ దగ్గరి గేర్ లివర్ నుంచి కిందికి వచ్చే కడ్డీలను ఊడదీసి మళ్లీ తగిలిస్తారు. గేర్ వేసేటప్పుడు కరకరలాడుతుంటే, బండి ఆపి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కాసేపు ఆగి రివర్స్ వేసి చూడాలి. అలా ఆగినా కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. సర్దుబాటు చేయాల్సింది పెడల్ దగ్గరో రాడ్ దగ్గరో గానీ, గేర్‌బాక్స్ లోపల కాదు. క్లచ్ తొక్కినప్పుడే శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్‌ను చూడాలి. న్యూట్రల్‌లో ఉండి, తొక్కితే పోయి వదిలితే వచ్చే శబ్దమైతే తప్పు బాక్స్ లోపలి బేరింగులదే అయ్యే అవకాశం ఎక్కువ. మూడు గేర్లలో గోల ఉండి నాలుగో గేర్‌లో మాయమైతే లే షాఫ్ట్‌ను అనుమానించాలి, ఎందుకంటే నాలుగో గేర్‌లో శక్తి నేరుగా పోతుంది, లే షాఫ్ట్ మీద భారం ఉండదు. ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే గేర్ జారిపోతుంటే లోపలి స్ప్రింగు బలహీనపడి ఉండొచ్చు, లేదా మౌంటింగ్ రబ్బరు చచ్చిపోయి ఇంజిన్, బాక్స్ కలిసి ముందుకు వెనక్కు కదులుతుండొచ్చు. రెండోదాన్ని జాకీ పెట్టి చూస్తే చాలు. కిడ్నీ మార్పిడి జరిగిన మొదటి రోజుల్లో ఉన్నట్టుండి మూత్రం ఆగిపోతే అనుభవమున్న వైద్యులు చేసేదీ ఇదే. శరీరం కిడ్నీని తిరస్కరించిందన్న భయం కంటే ముందు, మూత్రపు గొట్టంలో రక్తపు గడ్డ అడ్డుపడిందేమో చూస్తారు. తర్వాత ఒంట్లో నీరు చాలినంత ఉందా, డాప్లర్ స్కాన్‌లో రక్తం కిడ్నీకి అందుతోందా అని చూస్తారు. సూది గుచ్చి ముక్క తీసే బయాప్సీ వంతు ఆ తర్వాతే వస్తుంది.

కొన్ని ఫిర్యాదులు అసలు జబ్బే కావు. పాత అంబాసిడర్ బాక్స్‌లో మొదటి గేర్‌కు సింక్రో లేదు. బండి కదులుతుండగా ఫస్ట్ వేస్తే కరకరమనడం దాని స్వభావం. ఈ కాలం కార్లకు అలవాటుపడ్డవారు దాన్ని లోపమనుకుంటారు. ఒక్క దానపు కిడ్నీతో ఉన్న మనిషికి క్రియాటినిన్ 1.4 దగ్గర ఏళ్ల తరబడి నిలకడగా ఉండొచ్చు. ల్యాబ్ కాగితం మీద ఆ అంకె కింద గీత పడుతుంది, ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఆ మనిషికి మామూలు అంకె ఏదో తెలిస్తేనే 1.9 అయినప్పుడు నిజంగా భయపడటం సాధ్యం.

ఇక భాగం మంచిదే, బిగింపూ సరైనదే అయినా దానికి పోసేది చెడగొట్టవచ్చు. పాత బాక్సుల్లోని సింక్రో రింగులు ఇత్తడి జాతి లోహంతో చేసినవి. డిఫరెన్షియల్ కోసం తయారైన జీఎల్-5 రకం నూనెలు కొన్నింటిలోని గంధకపు మిశ్రమాలు ఆ లోహాన్ని తినేస్తాయి. పైగా ఆ నూనె జారుడు ఎక్కువై రింగులకు పట్టు దొరకదు, గేర్లు మొరాయిస్తాయి. బండి పుస్తకంలో చెప్పిన నూనె పోయకుండా బాక్స్ మీద తీర్పు చెప్పడం అన్యాయం. ఇదే తప్పు మనిషి విషయంలో జరిగితే మూల్యం చాలా పెద్దది. ఈ ప్రాంతానికి క్షయ కొత్త కాదు. అనంతగిరి కొండ మీద క్షయ ఆసుపత్రి నిజాం కాలంలోనే వెలిసింది. కిడ్నీ మార్పించుకున్నవారికి రోగనిరోధక శక్తిని అణచే మందుల వల్ల క్షయ సోకే ప్రమాదం మరింత ఎక్కువ. వారికి క్షయ మందుగా రిఫాంపిసిన్ మొదలుపెడితే, కిడ్నీని కాపాడే టాక్రోలిమస్‌ను కాలేయం వేగంగా విరిచేస్తుంది. కొద్ది రోజుల్లోనే రక్తంలో దాని మోతాదు పడిపోతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది, "కిడ్నీ పట్టలేదు" అనే మాట పుడుతుంది. ఆ కిడ్నీ చేసిన నేరమేమీ లేదు. రిఫాంపిసిన్‌కు బదులు రిఫాబ్యూటిన్ వాడటమో, రక్తపరీక్షలు చూసుకుంటూ టాక్రోలిమస్ పెంచడమో చేయాలి, అదీ మార్పిడి చేసిన నిపుణులతో మాట్లాడాకే. ఒంటి నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ మాత్రలూ దానపు కిడ్నీకి ఇంతే హాని చేస్తాయి.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవి కావు. శరీరం తనంతట తాను కోలుకుంటుంది, ఇనుము కోలుకోదు కదా అంటారు. నిజమే. మరణించిన దాత నుంచి తెచ్చిన కిడ్నీ మొదటి వారంలో డయాలసిస్ అవసరమయ్యేంత మందకొడిగా ఉండి, తర్వాత లేచి పనిచేసే సందర్భాలున్నాయి. అరిగిన బేరింగ్ అలా లేవదు. కాబట్టి గేర్‌బాక్స్ దగ్గర "కొన్నాళ్లు చూద్దాం" అనేది సలహా కాదని ఒప్పుకుంటాను. కానీ పరీక్షల వరుసను నిర్ణయించేది కోలుకునే గుణం కాదు. ఖర్చు లేనిదీ, చేసినా వెనక్కి తీసుకోగలిగినదీ ముందు చేయాలి. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: తుక్కు నుంచి వచ్చిన బాక్స్ చెడిపోయి ఉండే అవకాశమే ఎక్కువ, కాబట్టి దాన్నే ముందు అనుమానించడం తెలివి. అనుమానించడానికి నాకూ అభ్యంతరం లేదు, అందుకే ఎక్కించే ముందు పరీక్ష అన్నాను. ఎక్కించాక మాత్రం పోటీలోకి మరో అనుమానితుడు వస్తాడు: బిగింపు. ఇద్దరిలో ఎవరో చెప్పే క్లచ్ పరీక్షకు ఒక్క నిమిషం చాలు, బాక్స్ దించాలంటే ఒక రోజు పోతుంది. "దించితే గానీ తెలువది" అనే మెకానిక్ మాటలో అతని అనుభవం ఉంది, దాన్ని తీసిపారేయను. అయితే కింద పెట్టిన బాక్స్ మోగదు. శబ్దం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో బండిలో ఉండగానే రాసుకోకపోతే విప్పిన పళ్లలో దేన్ని తప్పుపట్టాలో ఎవరికీ తెలియదు.

అందుకే మోత అణగడానికి చిక్కటి నూనె పోసి బండి అప్పగించే అలవాటు మీద నాకు కోపం. మార్చిన మోకీలు కొత్తగా వాచి, వేడెక్కి, జ్వరం వచ్చినప్పుడు కీలులోని నీరు తీసి పరీక్షకు పంపక ముందే యాంటీబయాటిక్ మాత్రలు మింగించడం కూడా ఈ కోవలోదే. మాత్రల వల్ల నొప్పి కొంత తగ్గుతుంది, క్రిమి మాత్రం కల్చర్‌లో దొరకదు, లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. బాధను అణచడం ఎప్పుడూ తప్పని కాదు. కారణం తెలిసేలోగా సాక్ష్యాన్ని చెరిపేయడం తప్పు.

ఇవన్నీ చూశాక కూడా తప్పు బాక్స్‌దేనని తేలితే దించాల్సిందే, ఆలస్యం పనికిరాదు. దించాక చూడాల్సినవి వేరే ఉన్నాయి. బాక్స్ మళ్లీ ఎక్కాక వీటికి చేయి అందదు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ చివర ఉండే పైలట్ బుష్, ఆయిల్ సీళ్లు అప్పుడే మార్చుకోవడం మంచిది. పాత బాక్స్‌ను తుక్కుకు ఇవ్వకుండా ఉంచుకుంటే రెండింటిలోని మంచి భాగాలతో ఒకటి తయారవుతుంది. ఒకదానితో ఒకటి అరిగి అమరిన గేర్లను మాత్రం జతగానే మార్చాలి.