తొలి రుచి ఎవరిది?

రుచిని గురించి ఆలోచించడం మన విమర్శకులకు చిన్నతనమనిపిస్తుంది. ఆకలిని గురించి ఎంతో వ్రాశాం. ఆకలి సామాజిక సమస్య అనీ, రుచి ఎవరి నాలుకకు వారిదైన సొంత వ్యవహారమనీ మనలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. కాని నేడు రుచి పెద్ద వ్యాపారమయింది. తిండిని అమ్మడం పాత వ్యాపారం. తినడమనే అనుభవాన్ని అమ్మడం కొత్త వ్యాపారం. డబ్బు చెల్లించిన పదిమందిని ఒక గైడు వెంటబెట్టుకుని, ఇక్కడ ఒక గుక్క, అక్కడ ఒక ముక్క రుచి చూపిస్తూ, మధ్యమధ్య ఆ వూరి కథ చెబుతూ నడిపించుకు వెళతాడు. దీన్ని విహారమనాలా, విందు అనాలా? అంతకంటె ముందు, ఆ కథలో ఏది చెబుతున్నారు, ఏది దాటవేస్తున్నారు అని అడగవలసి వుంది.

ఈ నడకలకు పేరుమోసిన చోటు బాస్క్ దేశం. స్పెయిన్‌కు ఉత్తరాన, ఫ్రాన్సు సరిహద్దును ఆనుకుని, సముద్రానికీ కొండలకూ నడుమ వున్న ప్రాంతమది. 1937 ఏప్రిల్ 26న ఫాసిస్టు విమానాలు బాంబులు కురిపించిన గెర్నికా పట్టణం అక్కడిదే. పికాసో చిత్రం మూలంగా ఆ పేరు మనవాళ్ళకూ తెలుసు. అక్కడి దొనోస్తియా నగరంలో బార్ల బల్లలమీద పింఛోలు వరసగా పేర్చి వుంటాయి. రొట్టెముక్కమీద చేపో, మాంసమో, మిరపకాయో పెట్టి పుల్ల గుచ్చితే పింఛో. ఒక ఆలివ్ కాయ, ఒక మిరపకాయ, ఉప్పులో వూరిన చిన్న చేప కలిపి గుచ్చినదానికి 1946లో వచ్చిన ‘గిల్డా’ సినిమా పేరు పెట్టుకున్నారు. దానితోపాటు చకోలి అనే పుల్లని వైను. మన మాటలో చెప్పాలంటే అది నంజుడు, ఇది పానం.

అక్కడి జనం దీన్ని బయటివాళ్ళ కోసం కనిపెట్టలేదు. సాయంకాలం పని దిగాక స్నేహితులు జట్టుగా ఒక కొట్టునుంచి మరో కొట్టుకు నడవడం, చోటుకొక చిన్న గ్లాసు పుచ్చుకోవడం, అందరూ వేసిన వుమ్మడి సొమ్ములోంచి లెక్క తీర్చడం వాళ్ళ ఆచారం. కబుర్లు ముఖ్యం, తాగడం తరవాత. ఇప్పుడదే నడకను గంటల లెక్కన యాత్రికులకు అమ్ముతున్నారు. వీధులు అవే, ముక్కలూ అవే. వుమ్మడి సొమ్ము వున్నచోట టిక్కెట్టు వచ్చింది.

టిక్కెట్టు మన కొండలకూ వచ్చింది. గత మాఘమాసంలో సీతంపేట కొండల్లో అటువంటి నడకలో నేనూ చేరాను. పాలకొండనుంచి సీతంపేట వెళ్ళే దారి నాకు కొత్తది కాదు. నేను శ్రీకాకుళంలో పాఠం చెప్పిన పిల్లల్లో ఆ కొండలు దిగి వచ్చినవాళ్ళు చాలామంది వున్నారు. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో వుండి, ఆ యేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సవర, జాతాపుల ప్రాంతమది. మేం పన్నెండుమందిమి. విశాఖపట్నం కంపెనీల వుద్యోగులు కొందరు, హైదరాబాదునుంచి వచ్చిన ఒక కుటుంబం, ఫోటోలు తీసే యువకులు, నేను. తలకు రెండు వేల రూపాయలు. ఏర్పాటు చేసినవారు పట్నంవాళ్ళు. నడిపించినవాడు డిగ్రీ చదివిన సవర యువకుడు. అతనికి దినకూలి.

మొదటి మజిలీ ఒక జీలుగు చెట్టు. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు వుంచి నరికిన నిలువు వెదురే నిచ్చెనగా ఒక నడివయసు మనిషి చెట్టెక్కి, గెల కొన చెక్కి, లొట్టి దించాడు. అడ్డాకు దొప్పల్లో తలా రెండు గుక్కలు పోశాడు. ప్రొద్దుటి కల్లు తియ్యన. ఎండ ముదిరేకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. అద్భుతమని అందరూ అన్నారు, నేనూ అన్నాను. అబద్ధమెందుకు, నిజంగానే బాగుంది. గైడు ఆ చెట్టు సంగతి చెప్పాడు. జీలుగు ఎన్నో యేళ్ళు పెరిగితే గాని గెల వెయ్యదు. మొదటి గెల తలదగ్గర వేస్తుంది. తరవాతివి ఒకదాని కింద ఒకటి దిగుతూ వస్తాయి. ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. దాని బోదెలోని గుజ్జు దంచి పిండి తీస్తారు. గింజలు లేని రోజుల్లో ఆ పిండే జావ. “గెల దిగినకొద్దీ చెట్టుకింకా ఎన్నాళ్ళుందో ఇంట్లోవాళ్ళు లెక్క చూసుకుంటారండి” అన్నాడతను. మాలో ఒకాయన, దీన్ని సీసాల్లో నిలవచేసే వీలుందా అని అడిగాడు.

తరవాత బొంగులో కాల్చిన కోడి, వేపిన జీడిపప్పు. మూడో మజిలీ ఒక ఇంటి అరుగు. అక్కడ టెంక అంబలి. మామిడి టెంకల్లోని జీడిని ఎండబెట్టి, నీళ్ళలో నానవేసి వగరు పోగొట్టి, పిండిచేసి కాచినది. మా చేతికిచ్చిన కాగితంలో దాని పక్కన ‘మరుగునపడిన రుచి’ అని అచ్చువేశారు. హైదరాబాదు ఇల్లాలు రెండోసారి పోయించుకుంది. పోస్తున్న ముసలమ్మ కాసేపు ఆవిడ మొహంలోకి చూసి అడిగింది: “మీ ఇళ్ళకాడ బియ్యం నేవేటమ్మా?”

మేం నవ్వాం. ముసలమ్మ నవ్వలేదు. ఆవిడ ఎగతాళికి అడగలేదు. ఆవిడ ఎరిగినంతలో టెంక అంబలి కాచేది గాదె ఖాళీ అయిన వానాకాలంలోనే. సరిహద్దుకు అవతల ఒడిశాలో, రాయగడ జిల్లా కాశీపురం ప్రాంతంలో 2001లో టెంకల జావ తాగిన గిరిజనులు మరణించినప్పుడు, ఆ చావులు బూజుపట్టిన టెంకలవా, ఆకలివా అని పెద్దలు చాలాకాలం వాదించుకున్నారు. మాకు మరుగునపడిన రుచిగా అమ్మినది ఆవిడకు మరపురాని కరువు. కాగితం అచ్చువేసినవాళ్ళకు ఈ తేడా తెలియక కాదు. తెలిస్తే సరుకు అమ్ముడుపోదు.

నాలుగో మజిలీలో వుడికించిన కందికాయలు పెట్టారు. అప్పటిదాకా ప్రతిదీ ముందు తాను నోట వేసుకుని మాకు తినే తీరు చూపించిన గైడు, వాటిని ముట్టుకోలేదు. ఎందుకని అడిగాను. “మా వూళ్ళో ఇంకా కంది కొత్త అవలేదండి, మాస్టారూ. అయిందాకా మేం తినం. ఇవి సంతలో కొన్నవి.”

ఆ జవాబు వద్ద నాకు నడక ఆగిపోయింది. కొత్తల పండగలు సవరలకూ జాతాపులకూ యేడాది పొడుగునా వున్నాయి. మామిడికి కొత్త, కందికి కొత్త. పంట చేతికొచ్చినా, కాయ కళ్ళెదుట పండి వేలాడుతున్నా, వూరంతా కూడి ఒక రోజు నిర్ణయించి, పూజారి దేవతలకూ పెద్దలకూ పెట్టిందాకా ఎవరూ నోట పెట్టరు. పెట్టిన రోజున అందరూ కలిసి తింటారు, తాగుతారు, ఆడతారు. దీన్ని మూఢాచారమని కొట్టిపారేసే చదువరులున్నారు. దేవతల సంగతి అలా వుంచండి. దీని సామాజికార్థం చూడండి. తొలి రుచి ఏ ఒక్కడి సొత్తూ కాదు. ముందు పండినవాడు ముందు తినడానికి లేదు, బలవంతుడు ముందు కోసుకోవడానికి లేదు. కాయ ముదరకముందే దులుపుకుపోకుండా అడవికీ అదొక కట్టుబాటు. వూరు ముందు, నాలుక తరవాత.

మా నడకలో సరిగ్గా ఇది తలకిందులయింది. ఆ వూరివాడు ఇంకా ముట్టని పంటను, రెండు వేలు చెల్లించిన మేం ముందుగా రుచి చూశాం. అతను తినకూడనిది మాకు తినిపించడమే అతని కూలి. రుచి కూడా సరుకైతే మొదటి హక్కు పండించినవాడిది కాదు, కొన్నవాడిది. అర్థశాస్త్రంలో నేను చాలా యేళ్ళు చెప్పిన పాఠం ఇంత చిన్న కందికాయలో ఇమిడి వున్నది.

దాటవేసిన కథ మరొకటి వుంది. దారిలో గైడును మెల్లగా అడిగితే, “గొడవల సంగతులు ఎత్తొద్దన్నారండి” అన్నాడు. గొడవలు ఎత్తకుండా ఆ కొండల తిండినిగాని తాగుడునుగాని చెప్పడం ఎలా సాధ్యం? మన్యంలో కల్లు ఏనాడూ కేవలం పానీయం కాదు. గోదావరి మన్యంలో 1879 నాటి రంప తిరుగుబాటుకు కారణాల్లో ముఖ్యమైనది కల్లుమీద పన్ను. తమ చెట్టునుంచి తమ ఇంటికి దించుకునే కల్లుకు మైదానపు గుత్తేదార్లు చిగురు పన్ను వసూలు చేయబోతే కొండలు భగ్గుమన్నాయి. మన శ్రీకాకుళం కొండల్లో షావుకార్లు వుప్పు, కిరసనాయిలు, పొగాకు అప్పుగా ఇచ్చి, గింజలు నాముకిచ్చి, చింతపండూ ధాన్యమూ తమ కొలతలతో కొలుచుకుని, చివరికి భూములే రాయించుకున్నారు. ఆ వెట్టికీ అప్పులకూ ఎదురునిలిచినవాళ్ళలో వెంపటాపు సత్యం బడిపంతులు. 1967 అక్టోబరు 31న గిరిజన మహాసభకు వెళుతున్నవారిమీద లేవిడి వద్ద భూస్వాములు జరిపిన కాల్పుల్లో కోరన్న, మంగన్న ప్రాణాలు పోగొట్టుకున్నారు. షెడ్యూల్డు ప్రాంతాల భూమి గిరిజనేతరులకు చెందకూడదన్న 1970 నాటి నిబంధన వెనక ఈ నెత్తురు వుంది. ఆ వూళ్ళలో అడ్డాకులో ఏది వడ్డించినా దాని కింద ఈ చరిత్ర పరిచి వుంటుంది.

అంటే కొండవాళ్ళ కల్లు పవిత్రం, దాన్ని తాకినవాడు పాపి అని నేననడం లేదు. తాగుడును అందంగా చిత్రించడం కూడా మోసమే. అమ్మకానికి వచ్చిన సారా పేదయింటిని ఎలా తింటుందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లోకానికి చెప్పారు. 1993 అక్టోబరు 1నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వాళ్ళు సాధించినదే. నిషేధమొక్కటే చాలదని ముందే గ్రహించిన రచయిత శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి. ‘ఆరు సారా కథలు’లో ఆయన కుండకూ గ్లాసుకూ మధ్య ఎవరెవరు నిలబడి వున్నారో చూపించాడు: పోలీసులు, కోర్టులు, లంచాలు, వాటి మధ్య నలిగే బీదవాళ్ళు. ఒకే కల్లు పేదవాడి చేతిలో నేరం, గుత్తేదారు చేతిలో రాబడి, యాత్రికుడి చేతిలో సంస్కృతి. ద్రవం మారలేదు. చేతులు మారాయి.

మరి ఏమి చెయ్యాలి? కొండలకు వెళ్ళవద్దనడం పరిష్కారం కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడినుంచి సవరల దగ్గరికి వెళ్ళకపోతే, సవర మాట్లాడే మనిషిని ఇంట పెట్టుకుని ఆ భాష నేర్చుకోకపోతే, 1931లో ఆయన సవర వ్యాకరణం వెలువడేది కాదు. ఆయనా బయటివాడే. కాని నేర్చుకోవడానికి వెళ్ళాడు. నేర్చుకున్నదాన్ని వాళ్ళ బడులకోసం తిరిగి ఇచ్చాడు. రుచి చూసి వచ్చేవాడికీ, భాష నేర్చి వచ్చేవాడికీ ఇంత దూరం వుంది.

బాస్క్ దేశంనుంచి మనం నేర్వదగినది పింఛో ఒక్కటే కాదు. 1956లో అక్కడి మోంద్రాగోన్ పట్టణంలో, ఒక మతగురువు నడిపిన వృత్తివిద్యా పాఠశాలలో చదివిన అయిదుగురు యువకులు పొయ్యిలు చేసే చిన్న కార్ఖానా పెట్టారు. పనిచేసేవాళ్ళే యజమానులైన ఆ సహకార సంఘం పెరిగి పెద్దదయింది. దానికీ దోషాలున్నాయి, మార్కెట్టు పోటీలో పడి, ఇంటి పరికరాలు చేసే దాని పెద్ద శాఖ 2013లో దివాలా తీసింది. విచిత్రమేమంటే అదే 1956లో మనకు గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. చింతపండు, తేనె, కొండచీపుళ్ళు షావుకారు చేతబడకుండా కొనడం దాని పని. ఆ మేలు చిన్నది కాదు. కాని అక్కడ సంఘం పనిచేసేవాళ్ళలోంచి పుట్టింది. ఇక్కడ సర్కారు ఆఫీసులోంచి పుట్టింది. అందుకే సవర ఇప్పటికీ ఆ సంస్థకు అమ్ముకునేవాడే గాని, దాన్ని నడిపేవాడు కాలేకపోయాడు.

చట్టం లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయంమీద హక్కూ, మత్తుపదార్థాల అమ్మకాన్ని అదుపుచేసే అధికారమూ గ్రామసభకు 1996 చట్టం ఇచ్చింది. మన రాష్ట్రంలో దానికి 2011లో నిబంధనలు వచ్చాయి. షెడ్యూలులో చేర్చకుండా వదిలిన గిరిజన గ్రామాలు మన జిల్లాల్లో ఇంకా వున్నాయి. వాటికి ఈ రక్షణ కూడా లేదు. నడకలు పెట్టాలా వద్దా, ఎన్ని లొట్లు అమ్మాలి, ఏ పంట ఎప్పుడు వడ్డించాలి, టిక్కెట్టు సొమ్ము ఎవరి పెట్టెలో పడాలి అన్నవి ఆ సభలో తేలవలసిన విషయాలు. గైడు చెప్పే కథలో లేవిడి వుండాలా లేదా అన్నది కూడా అక్కడే తేలాలి.

విద్యార్థి మిత్రులు సెలవుల్లో కొండలకు వెళుతున్నారు, వెళ్ళాలి కూడా. కల్లు గీసినవాడికి లొట్టికెంత ముట్టింది, అంబలి కాచిన ముసలమ్మకు ఏమి ఇచ్చారు, నడిపించినవాడి కూలి ఎంత అని అడిగి, జవాబులు వ్రాసుకుని రండి. విడిపోయేముందు మా గైడు నాతో ఒక మాటన్నాడు: “కొత్త అయ్యాక రండి మాస్టారూ, అప్పుడు టిక్కెట్టుండదు.” ఆ పిలుపు నా ఒక్కడికే అనుకోవడం లేదు. వూరు తినే రోజున వూరితో కూర్చోగలిగితే వెళదాం. అంతవరకు ఆ కందులు ఆ వూరివి.