నిన్నటి లిస్టులో పాల ప్యాకెట్లు

నోట్స్ యాప్‌లో "ఈరోజు పనులు" లిస్టుతో తిప్పలు. పొద్దున 5 గంటలకి పెట్టిన "పాల ప్యాకెట్లు" నిన్నటి లిస్టులోకి పోతుంది. 6 గంటలకి పెట్టిన "మోటార్ వెయ్యాలి" మాత్రం బుద్ధిగా ఈరోజులోనే ఉంటుంది. తీరా చూస్తే ఆ యాప్ తేదీని యూటీసీ లెక్కన మారుస్తోంది. మనం యూటీసీకి 5:30 గంటలు ముందు కదా, పొద్దున 5:30 లోపు టైమున్నవన్నీ దానికి నిన్నటివే! రీఇన్‌స్టాల్ చెయ్యమన్న మహానుభావులకో దండం. సెట్టింగుల్లో టైమ్ జోన్ కోల్‌కతాకి మార్చా, తేదీలు కుదిరాయి. రిమైండర్ మాత్రం ఇంకా తాపీగానే మోగుతోంది. అది వేరే గొడవ, ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఈ యాప్‌ని నిద్రపుచ్చేస్తోంది. ఆ ఆంక్ష తీసేశా, రేపు చూడాలి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఇదే కథ తిరగేసి: ఎండాకాలంలో సాయంత్రం 7 దాటాక పెట్టినవన్నీ రేపటిలోకి దూకుతాయట.