నా దేహం నాదేనా?

గత కార్తికమాసంలో సంతబొమ్మాళిలోని మా సోదరి ఇంటికి వెళ్ళాను. కుమారుని చొక్కా జేబులో దొరికిన గంజాయి పొట్లాన్ని ఆమె వణుకుతున్న చేతులతో నాకు చూపింది. మేనల్లుణ్ణి పిలిచి మందలించబోయాను. 22 ఏళ్ళవాడు, తల వంచలేదు. "నా ఒల్లు నాది మామయ్యా. నానెవులికి అన్నేయం చేసినాను?" అన్నాడు. ఇన్నేళ్ళుగా వేదాంతగ్రంథాలు చదువుతున్న నాకు తక్షణం సమాధానం తోచలేదు.

ఆ ప్రశ్న తేలికైనది కాదు. పరులకు కలిగే హానిని నివారించడానికే తప్ప, వ్యక్తి మేలు కోసమని సమాజం అతనిని నిర్బంధించరాదని 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ 'ఆన్ లిబర్టీ'లో వాదించాడు. భగవానుడు కూడా గీతోపదేశమంతా ముగించి నిర్ణయాన్ని అర్జునునికే విడిచిపెట్టాడు కదా!

నిషేధం ఎంత దుర్బలమో మౌసలపర్వం చెబుతుంది. మునిశాపానికి వెరచిన ద్వారకలో, రహస్యంగా సుర తయారుచేసినవానికి బంధుసహితంగా శూలారోహణమే శిక్ష అని చాటింపు వేయించారు. ఆ యాదవులే ప్రభాసతీర్థంలో, సాక్షాత్తు శ్రీకృష్ణుని సమక్షంలో తాగి, పరస్పరం సంహరించుకున్నారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలింది. ఒడిశా సరిహద్దు ఇంత చేరువలో ఉన్న మా జిల్లావారికి ఆ కథ వేరే చెప్పనక్కరలేదు.

అయితే అదే పర్వంలో హాని తాగినవారితో ఆగలేదు. సముద్రం మ్రింగిన ద్వారక నుండి స్త్రీబాలవృద్ధులు అర్జునుని వెంట నడిచారు. దారిలో దోపిడీకి గురైనది వారే. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై తిరుగబడినదీ తాగని స్త్రీలే. కూలిడబ్బులు ఎక్కడికి పోతున్నాయో ఎరిగినవారికి హాని అంటే ఏమిటో మిల్ చెప్పాలా?

ఇంకొక చిక్కు. 'ఒల్లు నాది' అంటున్న ఆ 'నాను' ఎవడు? ఆత్మయందే రమించేవానిని ఛాందోగ్యం స్వరాట్టు అంటుంది. మొదటి దమ్ము పీల్చినది ఇచ్ఛ. నూరవ దమ్ము పీల్చేది సంస్కారం. అప్పటికి యజమాని మారిపోతాడు. తనను తాను దాస్యానికి అమ్ముకునే స్వేచ్ఛను మిల్ సైతం అంగీకరించలేదు. కొందరు ఇక్కడ శివుణ్ణి సాక్ష్యానికి పిలుస్తారు. ఆయన హాలాహలాన్ని లోకం కోసం కంఠంలో నిలుపుకున్నాడు, మిత్రులకు పంచలేదు.

1985 నాటి చట్టం ప్రకారం కొద్దిపాటి గంజాయితో పట్టుబడితే ఏడాది వరకు కారాగారం. 20 కిలోలు దాటితే పదేళ్ళకు తక్కువ లేదు. స్వయంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తిచేసుకునే వ్యసనపరుణ్ణి, కొద్దిపాటి సరుకు కేసులలో, విచారణ నుండి కాపాడే 64ఎ సెక్షన్ కూడా అందులోనే ఉంది. దానిని మాత్రం ఎవరూ చాటింపు వేయరు. పీల్చేవానిని చెరసాలకు పంపడం నాకు సమ్మతం కాదు. అంగడిలో పెట్టి అమ్మాలన్న వాదమూ సమ్మతం కాదు. సారా వేలంపాటల ఆదాయానికి మరిగిన ప్రభుత్వాలను చూసినవాళ్ళం.

"పోలీసులకు చెప్పమంటావా అన్నయ్యా?" అని సోదరి అడిగింది. వద్దన్నాను. మరునాడు నౌపడ ఉప్పుమళ్ళ గట్టు వెంట మేనల్లునితో చాలాసేపు నడిచాను. పొట్లం ఎవరిచ్చారని అడగలేదు. "ఒళ్ళు నీదే కదా, పది రోజులు మానమని దానికి చెప్పి చూడు" అన్నాను. నవ్వి, సరే అన్నాడు.

నాలుగవ రోజు రాత్రి ఫోన్ చేశాడు. వైద్యుని వద్దకు తోడు రమ్మన్నాడు.