మెతుకుసీమ క్రిస్మస్

బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో దేశనూరు అనే ఊరు ఉంది. అక్కడ తుంగభద్ర పాయలుగా చీలి ఊరిని దీవిలాగ చుట్టి ప్రవహిస్తుంది. విజయనగర రాజుల కాలంనాటి కాలువలలో ఒకదానికి ఈ ఊరి పేరే ఉంది. ఆ నీటితో పండే వరి ఆ ఊరివారికి ఆధారం.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాము పందొమ్మిదవ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. అప్పటికే నాట్లు వేసుకున్న రైతుల గుండెలు జారిపోయాయి. దేశనూరిలో ఒక రైతు ఇంట ఆ వారం రోజులూ ఎవరికీ సరిగా అన్నం సహించలేదు. ఇంజనీరు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో పనివారు పారే నీటికి అడ్డంగా ఇనుప పలకలు దించి, వారం రోజులలోనే గండి మూశారు. తరువాత వానలు కురిసి డ్యాము మళ్లీ నిండింది. పంట ఇల్లు చేరింది.

డిసెంబరులో హైదరాబాదు నుండి పిల్లల మేనమామ ఫోను చేశాడు. అతడు అక్కడ తాపీపని చేస్తాడు. "బావా, మెదక్ చర్చికి ఈ క్రిస్మస్‌తో నూరేండ్లు నిండుతాయి. పెద్ద తిరనాళ్ల జరుగుతుంది. అందరూ రండి" అన్నాడు.

"అప్పు తీరకముందే తిరనాళ్లెందుకు?" అన్నాడు రైతు.

అవ్వ ఊరుకోలేదు. "పంట చేతికొచ్చిందే గొప్ప. పిల్లోళ్లు ఇంత దూరం ఎప్పుడు పోయినారు? నా పింఛను దుడ్డు ఉంది. పోదాం పాండి" అంది.

వారిది క్రైస్తవ కుటుంబం కాదు. అయితే ఊళ్లో పీర్ల పండుగ వచ్చినా, దేవుని తేరు కదిలినా అందరితోపాటు వెళ్లడం వారికి అలవాటే. అవ్వ కొత్త బియ్యం ఒక సంచిలో కట్టింది. రైతు దారి ఖర్చులు ఒక కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకున్నాడు.

సిరుగుప్ప నుండి ఆదోని, కర్నూలు మీదుగా వారి ప్రయాణం సాగింది. ఏడవ తరగతి చదివే కూతురు కిటికీ పక్కన కూర్చుని దుకాణాల పేర్లన్నీ పైకి చదివింది. ఊళ్లో తన పాఠ్యపుస్తకాలలో తప్ప అంతగా కనిపించని తెలుగు అక్షరాలు, ఇక్కడ గోడల మీద, బస్సుల మీద, టీ కొట్ల మీద కనిపిస్తుంటే ఆమెకు సంతోషం కలిగింది. కర్నూలు దగ్గర బస్సు వంతెన ఎక్కింది.

"నాయనా, ఇది ఏ ఏరు?" అని అడిగాడు చిన్నవాడు.

"మన ఏరే. మన ఊరు దాటి ఇక్కడికొచ్చింది. ఇంకా ముందుకు పోయి కృష్ణలో కలుస్తుంది" అన్నాడు రైతు.

హైదరాబాదులో మేనమామ వారితో కలిశాడు. డిసెంబరు 24 సాయంత్రానికి అందరూ మెదక్ చేరారు. ఊరు దగ్గర పడుతుండగానే చర్చి గోపురం కనిపించింది. దాని ఎత్తు 175 అడుగులు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. లోపల అయిదువేలమంది కూర్చోవచ్చునని చెబుతారు.

దారికి ఇరువైపులా అంగళ్లు వెలిశాయి. గాజులు, బొమ్మలు, కొవ్వొత్తులు, కాగితపు నక్షత్రాలు, మిఠాయిలు, వేడి మిరపకాయ బజ్జీలు అమ్ముతున్నారు. గాజులమ్మే ఆమె కూతురి చేతికి గాజులు తొడుగుతూ, "శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోతాను బిడ్డా. జాతర ఏ దేవునిదైతేనేం, మా కడుపు నింపేది ఇదే" అంది.

ఇలాంటి క్రిస్మస్ అంగళ్లు యూరపులోనూ ఉన్నాయి. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో 1434లో మొదలైన క్రిస్మస్ సంత ఇప్పటికీ ప్రసిద్ధమే. ఆ సంతకు పేరు ఒక రకం తీపి రొట్టెను బట్టి వచ్చింది. అక్కడ అమ్మే కొయ్యబొమ్మలకు కూడా ఒక కథ ఉంది. దగ్గరలోని కొండలలో ఒకప్పుడు గనులుండేవి. గనులలో పని తగ్గిపోయినప్పుడు కార్మికులు కొయ్య చెక్కి బొమ్మలు చేసి బతికారు. పండుగ వెలుగులో మెరిసే ఆ బొమ్మల వెనుక ఆకలిని ఎదుర్కొన్న చేతులున్నాయి.

మెదక్ చర్చి కథ కూడా అటువంటిదే.

మరునాడు తెల్లవారుజామున ప్రార్థన మొదలైంది. జనం వేలాదిగా వచ్చారు. కిటికీలకు బిగించిన రంగు అద్దాలు మొదట నల్లగానే ఉన్నాయి. పొద్దెక్కే కొద్దీ ఎరుపు, నీలం, పసుపు ఒక్కొక్కటే పైకి తేలాయి. క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం వాటిలో కనిపించాయి. ఎండ తగిలితేనే ఆ బొమ్మలు లోపలివారికి కనిపిస్తాయి. పిల్లలు రెప్ప వేయకుండా చూశారు.

అవ్వ మాత్రం గోడను చేత్తో తడిమి చూస్తూ నిలబడింది. "ఇంత రాయి ఎవరు మోసినారో!" అంది.

పక్కనున్న పెద్దాయన ఆ మాట విని చెప్పాడు: "కరువులో జనమే మోశారమ్మా. మొదటి ప్రపంచయుద్ధం నాటి మాట. తిండి లేక జనం అల్లాడుతుంటే, పాస్నెట్ అనే ఇంగ్లీషు ఫాదరీ ఊరికే పెట్టడం కంటె పని చూపించి అన్నం పెట్టడం మేలనుకున్నాడు. 1914లో పని మొదలై పదేళ్లు సాగింది. 1924 క్రిస్మస్ రోజున చర్చి తెరిచారు. పూర్వం ఈ ఊరి కోటను మెతుకుదుర్గం అనేవారు. అందుకే ఇది మెతుకుసీమ."

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అంది: "నా పెండ్లయిన కొత్తల్లో మాకూ కరువొచ్చింది. చెరువు కట్టకు మట్టి మోసినాం. దినమంతా మోస్తే ఇన్ని జొన్నలు ఇస్తుండిరి. ఆ కట్ట ఇప్పటికీ ఉంది. మోసినోళ్ల పేర్లు ఎవరికీ తెలీవు."

తల్లి కరువు పనికి పోయిందని ఆ రైతు అంతవరకు ఎరుగడు. ఆమె అరచేతులను అతడు మొదటిసారి చూసినట్లు చూశాడు. మేనమామ తన చేతుల వంక చూసుకొని, "నేను కట్టిన ఇండ్ల మీద కూడా నా పేరు లేదత్తమ్మా" అని నవ్వాడు.

బయటికి వచ్చాక రైతు ఒక అంగడిలో ఎర్ర దుప్పటి కొన్నాడు. "నాకెందుకురా? ఖర్చులు రాసుకుంటివి కదా" అంది అవ్వ. "ఇది ఆ లెక్కలోది కాదు" అని అతడు దానిని ఆమె భుజాల మీద కప్పాడు.

మధ్యాహ్నం చెట్టు నీడలో మూడు రాళ్లు పెట్టి, తెచ్చిన బియ్యం వండారు. పక్క చెట్టు కింద దూరపు ఊరి నుండి వచ్చిన కుటుంబం ఒకటి కూర్చుని ఉంది. అవ్వ వాళ్లను పిలిచి విస్తళ్లు వేయించింది. వాళ్లు తమ కూర తెచ్చి అందరికీ వడ్డించారు. చిన్నవాడు బొమ్మ బండి మీద ధ్యాసతో సగం అన్నం వదిలి లేవబోయాడు.

అవ్వ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "ఒక్క మెతుకు కూడా పారేయొద్దు నాయనా" అంది. చిన్నవాడు చర్చి గోడ వంక ఒకసారి చూసి, మళ్లీ విస్తరి ముందుకు లాక్కున్నాడు.