కనబడి పోయిన చుక్క

పరాయి నక్షత్రాల గ్రహాలలో చాలా భాగం లెక్కల్లో దొరికినవే. నక్షత్రం కాస్త ఊగిందనో, దాని వెలుగు రవ్వంత తగ్గిందనో గమనించి, అక్కడొక గ్రహం ఉండి తీరాలని నిర్ణయిస్తారు. గ్రహాన్నే ఫొటో తీసి చూపిన సందర్భాలు బహు స్వల్పం. నాకు మాత్రం వాటి మీదే మక్కువ.

దూరం నుండి చూస్తే మన గురుగ్రహం సూర్యునికన్నా సుమారు వందకోట్ల రెట్లు మసక. అందుకే వెతికేవారు పసి నక్షత్రాలను ఎంచుకుంటారు. అక్కడి పెద్ద గ్రహాలు పుట్టినప్పటి వేడి ఇంకా ఆరక, పరారుణ కాంతిలో నివురుగప్పిన నిప్పులా తమంతట తామే వెలుగుతుంటాయి. తేడా వేల రెట్లకు దిగుతుంది. అయినా నక్షత్రకాంతి అద్దాలలో చెదరి బూటకపు చుక్కలెన్నో పుట్టిస్తుంది. రాత్రి గడిచేకొద్దీ చిత్రంలో ఆకాశం మెల్లగా తిరుగుతుంది, బూటకపు చుక్కలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఆ భేదంతోనే వాటిని ఏరివేస్తారు. చెరిగిన బియ్యంలో రాళ్ళేరడం కన్నా ఓపిక కావాలి!

2008 నవంబరులో ఇటువంటి చుక్కలు కొన్ని లోకానికి తెలిశాయి. వాటిలో రెండింటి కథ చెబుతాను.

మొదటిది 63 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న బీటా పిక్టోరిస్ పక్కన, చిలీలోని పెద్ద దూరదర్శిని 2003లో తీసిన చిత్రాలలో కనబడింది. 2009 మొదట్లో చూస్తే లేదు. వెనుకనున్న ఏ నక్షత్రమో అయితే అక్కడే ఉండాలి కదా! ఆ ఏడాది చివర్లో అది నక్షత్రానికి అవతలి పక్కన తేలింది. తిరుగుతున్నదన్నమాట. గ్రహమే.

రెండవది ఫోమల్‌హాట్‌ది. కార్తీకమాసపు సాయంత్రాలలో మన దక్షిణాకాశంలో ఒంటరిగా మెరిసే నక్షత్రమది, దూరం 25 కాంతి సంవత్సరాలు. పాల్ కలాస్ బృందం 2004, 2006 హబుల్ చిత్రాలలో దాని పక్కన కదిలే చుక్కను చూపింది. కాని అది పరారుణంలో కనబడదు, మామూలు వెలుగులోనే కనబడుతుంది. వేడి గ్రహానికి ఇది విడ్డూరం. పోనుపోను పలచబడి, 2014 నాటికి మాయమైంది. రెండు మంచుశిలలు ఢీకొని లేచిన ధూళిమేఘమే అది అయి ఉండవచ్చునని 2020లో గాస్పార్, రీకే వివరించారు.

గ్రహం పోయిందని నొచ్చుకున్నవారున్నారు. నాకు అది నష్టమనిపించలేదు. గ్రహాలు పుట్టే చోట జరిగే తాకిడిని, అది జరిగిన కొద్దికాలానికే చూడగలగడం మరీ అరుదు.

2023లో హబుల్ మళ్ళీ చూసినప్పుడు అక్కడ ఇంకొక కొత్త చుక్క ఉంది. 2025లో దానిని ప్రకటించిన బృందానికి నాయకుడు కలాసే. ఈసారి ఆయన దానిని గ్రహమనలేదు, మరొక తాకిడి ధూళి అన్నాడు.